ఆటగాడు – నాయకుడు
కొఠారి కనకయ్య నాయుడుగారి చరిత్రము



ఈ సాయంకాలము మీతో నొక ఆటగాని గూర్చి ముచ్చటింప వచ్చితిని. ఆట యనగానే “అది పిల్లల పని, మాకేల?” యని కొందఱు పెద్దలు తల త్రిప్పుకొనవచ్చును. కాని నేను చెప్పబోవునది బంతి కథ మాత్రమే కాదు. ఒక పనియందు నేర్పు గలవానిని ఆ పనికి ముందు నిలుపవలెనా, లేక పుట్టుకచేతను కలిమిచేతను పెద్దయైన వానిని నిలుపవలెనా యను ప్రశ్న యిందు గలదు. ఈ ప్రశ్న కల్హేరు రచ్చకట్టకు క్రొత్తది కాదు. చెఱువు తూము ఎవరి చేతిలో నుండవలెను, జాతరలో ముందెవరు నడువవలెను, నలుగురి సొమ్ము ఎవరు దాచవలెను అను మాట వచ్చినపుడెల్ల ఈ ప్రశ్నయే లేచి కూర్చుండును. ఒక తెలుగువాని జీవితమున ఆ ప్రశ్న మూడు నాలుగు మాఱులు లేచినది. ఆ కథయే నేటి ప్రసంగము.

మొదట కొంచెము దూరదేశపు మాట చెప్పుదును. అమెరికాలో బేస్‌బాల్ అను ఆట కలదు. అది మన చిర్రగోనెకును క్రికెట్టునకును దూరపు చుట్టము. నాలుగు మూలలు గల అంగణమున బంతిని కొట్టినవాడు మూలనుండి మూలకు పరుగెత్తి, బయలుదేరిన చోటికి మరల చేరవలెను. మొదటి మూలను కాచువాని పని కష్టమైనది. తోడివారు నలుప్రక్కల నుండి విసరిన బంతిని, కొట్టినవాడు పరుగెత్తి వచ్చులోపల, తప్పక పట్టవలెను. వాడు పట్టినపుడు మెచ్చువారు కొలది. విడిచినపుడు తిట్టువారు వేలు. న్యూయార్కు యాంకీలను జట్టులో లూ గెరిగ్ అను నతడు ఈ చోటు కాచెను. జర్మనీనుండి వలస వచ్చిన బీద దంపతుల కుమారుడు. అతడు 1925వ సంవత్సరము జూన్ మొదలు 1939 ఏప్రిల్ వఱకు నొక్క ఆటయు తప్పక వరుసగా 2,130 ఆటలాడెను. తుదకు నరములను క్షీణింపజేయు వ్యాధి సోకి 1941లో మరణించెను. జీతము గొని ఆడినవాడైనను, అతడు తన జట్టునకు నాయకుడుగా నుండెను. జీతము గొనుట ఆ దేశమున ఆటగానికి తక్కువతనము కాలేదు.

ఐనను ఆ దేశమందును పుట్టుక యను గోడ లేకపోలేదు. నల్లజాతివారిని పెద్ద జట్లలోనికి ఎన్నియో యేండ్లు రానీయలేదు. 1947 ఏప్రిల్ 15వ తేదీన జాకీ రాబిన్సన్ అను నతడు బ్రూక్లిన్ జట్టున నిలిచి ఆ గోడను దాటెను. ఆ మొదటి యేడు అతడు కాచినదియు మొదటి మూలనే. కాబట్టి నేర్పునకును పుట్టుకకును నడుచు పోరు ఏ యొక్క దేశపు సొత్తును గాదని గ్రహింపుడు.

ఇక ఇంగ్లండునకు రండు. క్రికెట్టు పుట్టిన ఆ దేశమున ఆటగాండ్రను రెండు తెగలుగా విభజించిరి. ఆస్తిపాస్తులు గలిగి వినోదమునకై ఆడువారు పెద్దమనుష్యులు. కూలి గొని ఆడువారు ఉత్త ఆటగాండ్రు. ఒకే జట్టు, ఒకే బంతి, ఒకే యెండ. కాని మైదానములోనికి వచ్చుటకు పెక్కుచోట్ల ద్వారములు వేఱు, బట్టలు మార్చుకొను గదులు వేఱు. ఎంత నేర్పరియైనను కూలివాడు నాయకుడు కాగూడదని వాడుక. ఇరువదవ శతాబ్దమున ఇంగ్లండు జట్టునకు కూలియాటగాడొకడు నియమిత నాయకుడగుట 1952లో లెన్ హట్టన్‌తోనే జరిగెనన్న, ఆ యాచార మెంత గట్టిదో మీకే తెలియును. ఆ రెండు తెగల భేదము 1962వ సంవత్సరమున గాని తొలగలేదు. మన దేశమునకు క్రికెట్టు వచ్చునపుడు ఈ యాచారము కూడ బంతితోపాటు ఓడయెక్కి వచ్చినది. ఇచ్చట పెద్దమనుష్యుల స్థానమున మహారాజులు నిలిచిరి.

ఇట్టి లోకములోనికి వచ్చినవాడు కొఠారి కనకయ్య నాయుడు. ఇంగ్లీషు పేరులోని మొదటి యక్షరములను బట్టి లోకమంతయు సీ. కే. యని పిలిచెను. ఆయన 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నాగపురమున జన్మించెను. వారి కుటుంబము బందరు ప్రాంతమునుండి తాతలనాడు నాగపురమునకు చేరినది. తాతగారు అచ్చట న్యాయవాది. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడుగారు ఇంగ్లండునకేగి కేంబ్రిడ్జిలో చదివి వచ్చినవారు. ఇంటిలో తెలుగు, వీధిలో మరాఠీ, బడిలో ఇంగ్లీషు. ఇది కల్హేరు పెద్దలకు వింత కాదు. 1956 వఱకు మన నారాయణఖేడు తాలూకా బీదరు జిల్లాలో నుండెను గదా! తెలుగు, కన్నడము, మరాఠీ మూడును సంతలో వినుచు పెరిగినవారికి, పరాయి భాషల నడుమ నొక తెలుగిల్లు నిలుచుట యెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

నాయుడుగారు పొడగరి, నిటారుగ నిలుచు మనిషి. 1916లో బొంబాయిలో హిందువుల జట్టు పక్షమున యూరపువారిపై మొదటి పెద్ద ఆట ఆడెను. ఆ కాలమున బొంబాయి పోటీలు మతములవారీగ జరుగుచుండెను. హిందువులు, ముసల్మానులు, పారశీకులు, యూరపువారు వేఱువేఱు జట్లు కట్టి ఆడుచుండిరి. నేడు మనకది మంచి పద్ధతిగ తోచదు. నాటికి అదియే దేశమున గొప్ప పోటీ. ఆ తొలి ఆటలో ఆయన సంపాదించిన తొలి పరుగులే ఆరు. అనగా బంతిని నేల తాకనీయక హద్దుల కవ్వల పడగొట్టెనని చెప్పుదురు. ఆయన ఆట తీరంతయు ఆ యొక్క దెబ్బలోనే తెలియుచున్నది.

ఆట వచ్చినంత మాత్రమున కడుపు నిండదు. నాటి మన దేశమున క్రికెట్టాడి బ్రతుకుటకు వేఱు మార్గము లేదు. ఎవరైన రాజు చేరదీయవలెను. 1923లో హోల్కరు మహారాజు నాయుడుగారిని ఇందోరునకు పిలిపించి తన సైన్యమున కెప్టెను ఉద్యోగ మిచ్చెను. ఇందోరన్న మన నిజామాబాదునకు పాతపేరైన ఇందూరు కాదు. మధ్యభారతమందలి హోల్కరుల రాజధాని. తరువాత ఆయన కర్నల్ అయ్యెను. బిరుదు సైన్యపుది, పని ముఖ్యముగ మైదానమున. ఆ యేర్పాటు వలన నాయుడుగారికి ఉద్యోగమును గౌరవమును రెండును కలిగినవి. ఇంగ్లండులోని కూలియాటగానికి ఆ గౌరవము లేదు. కాని యొక చిక్కు మిగిలినది. రాజు చేరదీసినవాడు, రాజులున్న చోట రెండవ వరుసలోనే నిలువవలెను.

ఇక 1926వ సంవత్సరపు మాట. ఆ చలికాలమున ఆర్థర్ గిలిగన్ నాయకత్వమున ఎం. సీ. సీ. యను ఇంగ్లండు జట్టు మన దేశమునకు వచ్చినది. అందు మారిస్ టేట్ మొదలగు పేరుమోసిన బంతివేయువారు గలరు. బొంబాయి జింఖానా మైదానమున వారు హిందువుల జట్టుతో ఆడిరి. మొదట వారు 363 పరుగులు చేసిరి. వారిలో గై ఎర్ల్ అను నతడు ఎనిమిది సిక్సర్లు కొట్టి చూపఱుల నాశ్చర్యపఱచెను. డిసెంబరు 1వ తేదీన నాయుడుగారు బ్యాటు చేతబూనెను. రెండు గంటలు నిండకమున్నే 153 పరుగులు చేసెను. అందు పదునొకండు సిక్సర్లు, పదుమూడు ఫోర్లు. వార్త పట్టణమున ప్రాకగా కచేరీలలోని గుమాస్తాలును దుకాణములవారును మైదానమునకు పరుగెత్తి వచ్చిరనియు, చుట్టుపట్ల యిండ్ల కప్పులును చెట్లకొమ్మలును జనముతో నిండెననియు చెప్పుదురు. హిందువులు మొత్తము 356 పరుగులు చేసిరి. ఇంగ్లండువారే మెచ్చి ఆయనకు వెండిబ్యాటు బహూకరించిరి.

పెద్దలారా, ఆ దినపు విశేషము పరుగుల లెక్కలో లేదు. దొర వేసిన బంతిని భయపడుచు ఆపుకొనుటయే చాలునని తలచుచున్న జనము, ఒక దేశీయుడు ఆ బంతిని తలయెత్తి కొట్టుట కన్నులార చూచినది. దేశము పరుల యేలుబడిలో నున్న దినములలో ఆ దృశ్యమున కెంత వెలయో మీరే యూహింపుడు. మన దేశపువారు ఇంగ్లండుతో సరిసమానముగ ఆడదగుదురను నమ్మిక ఆ పర్యటనము వలన బలపడినది. 1928లో భారత క్రికెట్టు నియామక సంఘ మేర్పడినది.

నాలుగేండ్లకు, 1932లో, భారతదేశపు జట్టు మొదటి టెస్టు ఆటకై ఇంగ్లండునకు పయనమైనది. నాయకు డెవరు? నేర్పున మొదటివాడు నాయుడని అందఱును ఎఱుగుదురు. ఐనను పోరుబందరు మహారాజును నాయకునిగను, లింబ్డీ రాజకుమారుని ఉపనాయకునిగను నియమించిరి. జట్టునకు ముందు రాజకుటుంబమువాడు నడువవలెనను నాటి మర్యాద అట్టిది. ఇచ్చట పోరుబందరు మహారాజు మంచిమనస్సు చెప్పితీరవలెను. తన ఆట చాలదని తాను గుర్తించి, పెద్ద ఆటల నుండి తప్పుకొని, నాయుడుగారికి చోటిచ్చెను. లింబ్డీ కుమారునికి నడుమునకు దెబ్బ తగిలెను. అందువలన ప్రథమ టెస్టున జట్టును నడిపించు భారము నాయుడుగారిపై పడినది.

తన కెంత వచ్చునో తెలిసికొని ప్రక్కకు తొలగుట సులభమైన పని కాదు. పీఠమెక్కువారు మనకు కోకొల్లలు. పీఠము దిగి తగినవానికి చేయి చూపువారు అరుదు. ఆ మహారాజు చేసిన పరుగులను లెక్కించి నవ్వినవారు గలరు. ఆయన చేసిన యీ యొక్క పనిని లెక్కించి నమస్కరించుట న్యాయము.

అందఱకును ఈ యేర్పాటు నచ్చినదనుకొనకుడు. ఆటకు ముందటి రాత్రి కొందఱు ఆటగాండ్రు, తమవంటివాడే యైన యొకని యాజ్ఞకు తాము లోబడమని తిరుగబడిరి. పైవారు గట్టిగ చెప్పిన మీదట సర్దుకొనిరి. రాజు చెప్పిన వినుటకు సిద్ధముగ నున్నవారికి, తమ సాటివాడు చెప్పిన వినుట కష్టమైనది. ఇది విని మనము నవ్వుకొనవచ్చును గాని, మన యూళ్ళలో మాత్ర మిట్టిది లేదా? దూరమున నున్న అధికారి మాటకు చేతులు కట్టుకొందుము. మన నడుమనుండి లేచిన తెలివిగలవాని మాటకు మూతి విఱుతుము.

1932 జూన్ 25వ తేదీన లండనులోని లార్డ్సు మైదానమున ఆట మొదలయ్యెను. ఇంగ్లండు పక్షమున మొదట దిగినవారు హోమ్సు, సట్‌క్లిఫ్ అను జోడి. పదిదినములకు ముందే వారిరువురును యార్క్‌షైరు పక్షమున 555 పరుగులు జోడించి లోకమును విస్మయపఱచియుండిరి. మన మహమ్మదు నిస్సారు బంతికి వారిరువురును త్వరలోనే పడిపోయిరి. అరగంటలో ఇంగ్లండు మూడు వికెట్లకు 19 పరుగులు. తుదకు 259 పరుగులకు వారి మొదటి యాట ముగిసెను. నాయుడుగారు క్యాచి పట్టబోయి చేతికి గట్టి దెబ్బ తగిలించుకొనెను. ఆ చేతితోనే బ్యాటు పట్టి 40 పరుగులు చేసెను. మన మొదటి యాట 189 పరుగులలో అవియే అందఱికంటె ఎక్కువ. రెండవ యాటలో ఇంగ్లండు ఎనిమిది వికెట్లకు 275 చేసి చాలించెను. మనవారు 187 చేసిరి. 158 పరుగులతో మనము ఓడిపోతిమి. కాని మూడు దినములు తలయెత్తి ఓడిపోతిమి.

ఆ వేసవిలో నాయుడుగారు మొదటి తరగతి ఆటలలో 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు గూడ పడగొట్టెను. బర్మింగుహామున ఆయన కొట్టిన యొక బంతి మైదానము ప్రక్కన పారు చిన్న యేటిని దాటి పడెను. ఆ యేరు నాడు రెండు జిల్లాల సరిహద్దు గావున, ఒక జిల్లాలో కొట్టిన బంతి మఱియొక జిల్లాలో పడెనని చమత్కరించిరి. అది మన మంజీర వంటి నది కాదు లెండు. ఐనను దెబ్బ చిన్నది కాదు. మరుసటి యేడు ఇంగ్లండువారి ప్రసిద్ధ క్రికెట్టు గ్రంథమైన విజ్డెను ఆయనను ఆ సంవత్సరపు ఐదుగురు మేటి ఆటగాండ్రలో నొకనిగ నెన్నుకొనెను.

1933–34లో ఇంగ్లండు జట్టు మన దేశమునకు వచ్చినపుడు మూడు టెస్టులకును నాయుడుగారే నాయకుడు. బొంబాయి టెస్టు మన గడ్డపై జరిగిన మొదటి టెస్టు. అందు లాలా అమర్‌నాథ్ 118 పరుగులు చేసి, టెస్టున శతకము చేసిన మొదటి భారతీయు డయ్యెను. అతనికి తోడుగ నిలిచి నాయుడుగారు 67 చేసెను. ఇరువురును కలసి 186 పరుగులు జోడించిరి. ఉన్నమాట చెప్పవలెను గదా: నాయుడుగారు నాయకత్వము వహించిన నాలుగు టెస్టులలో మూడు ఓడితిమి, ఒకటి సమముగ ముగిసెను. నేర్పుగలవాని ముందు నిలిపిన మాత్రమున గెలుపు తలుపు తట్టదు. జట్టు క్రొత్తది, ఎదుటివారు తలపండినవారు. విత్తిన నాడే కోతకు కొడవలి పట్టుకొని పోవు రైతు మనలో లేడు.

ఇక 1936వ సంవత్సరము. మరల ఇంగ్లండు ప్రయాణము. మొదట పటౌడీ నవాబును నాయకునిగ తలచిరి. ఆయన ఆరోగ్యము చాలదని తొలగెను. పిమ్మట మిగిలిన పేరులు రెండు. ఒకటి నాయుడుగారిది. రెండవది విజయనగరపు మహారాజకుమారుడు విజయానంద గజపతిరాజుగారిది. లోకము విజ్జీ యని పిలిచినది. ఇరువురును తెలుగువారే. ఒకరు బందరునుండి వెడలిన కుటుంబమువారు, మఱియొకరు విజయనగర సంస్థానపు బిడ్డ. ఇరువురును తెలుగుదేశమునకు వెలుపల పెరిగి పేరొందినవారు. విజ్జీగారు క్రికెట్టునకై ధనము వెదజల్లినవారు. 1930–31లో ఇంగ్లండునుండి హాబ్సు, సట్‌క్లిఫ్‌లను రప్పించి దేశమంతట ఆడించిరి. ఆటపై ప్రేమయందు లోపము లేదు. లోపము నేర్పునందు. నాయకత్వము విజ్జీగారికే దక్కెను.

ఫలితము మంచిది కాలేదు. జట్టున కక్షలు పెరిగినవి. లాలా అమర్‌నాథును క్రమశిక్షణ పేర మొదటి టెస్టునకు ముందే ఇంటికి పంపిరి. తరువాత బొంబాయి ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమంటు విచారణ జరిపి, 1937లో ఆ నాయకత్వము చెడ్డదిగ నడిచినదని తేల్చెను, అమర్‌నాథును నిర్దోషియనెను. మూడు టెస్టులలో విజ్జీగారు చేసిన పరుగులు మొత్తము 33. ఆ యేడే ఆయనకు సర్ బిరుదము లభించెను.

మఱి నాయుడుగారేమి చేసిరి? తన కంటె ఆటలో ఎంతయో తక్కువవాని యాజ్ఞ క్రింద మూడు టెస్టులును ఆడిరి. ఓవల్ మైదానమున కడపటి టెస్టున గబ్బీ అలెన్ వేసిన యొక బంతి వచ్చి ఱొమ్మునకు తగిలెను. చూచువారు ఇక లేవలేడనుకొనిరి. ఆయన లేచి, నిలిచి, ఆడి, 81 పరుగులు చేసెను. ఏడు టెస్టులలో ఆయన చేసిన అత్యధిక సంఖ్య యదియే. నలువదియేండ్ల వయస్సున అదియే ఆయన చివరి టెస్టు.

ఇచ్చట ఒక్క నిమిషము ఆగుదము. అవమానము జరిగినపుడు మనుజుడు మూడు దారులలో నొకటి త్రొక్కును. కొందఱు అలిగి యింట కూర్చుందురు. కొందఱు పని పాడుచేసి పగ తీర్చుకొందురు. కొందఱు మాత్రము, తగవు వేఱు, పని వేఱని తలచి, పనిని చక్కగ చేయుదురు. నాయుడుగారు మూడవ దారిని త్రొక్కిరి. ఆయన స్వభావమున దోషము లేదని నే ననను. బిగువైన మనిషి, ముభావి, మాట కఠినము. ఆ బిగువే కొందఱిని దూరము చేసినది. కాని మైదానమున దిగిన పిమ్మట ఆయన తన కోపమును బంతిమీదనే చూపెను గాని జట్టుమీద చూపలేదు.

టెస్టులు ముగిసినవి గాని ఆట ముగియలేదు. అసలు పంట అప్పుడే పండినది. ఇందోరున హోల్కరు జట్టును ఆయన పెంచిన తీరు, మంచి కాపు తోటను పెంచిన తీరు వంటిది. ఇందోరు బాలుడైన సయ్యదు ముష్తాక్ అలీని చిన్ననాటనే గుర్తించి చేరదీసిరి. ఆ ముష్తాకే 1936లో మాంచెస్టరున 112 పరుగులు చేసి, పరదేశపు టెస్టున శతకము చేసిన మొదటి భారతీయు డయ్యెను. మతము చూడలేదు, ఇల్లు చూడలేదు, చేతివాటము చూచిరి. తన తమ్ముడు సుబ్బన్న నాయుడు గూడ ఆ జట్టుననే యుండి పేరొందెను. 1944–45 రంజీ పోటీ అంత్యమైన ఆటలో సుబ్బన్నగారు బొంబాయిపై ఒకే ఆటలో 917 బంతులు వేసిరి. ఇది విన్న చాలును, అన్న తమ్ముని ముద్దుచేసి నీడను కూర్చుండబెట్టలేదని తెలియుటకు.

హోల్కరు జట్టు 1945–46, 1947–48, 1950–51, 1952–53 సంవత్సరములలో నాలుగు మాఱులు రంజీ విజయము పొందినది. 1946లో మైసూరుపై ఒకే యాటలో ఎనిమిది వికెట్లకు 912 పరుగులు చేసిరి. అందు ఆరుగురు శతకములు చేసిరి. ఆ యాఱుగురిలో నొకరు ఏబదియేండ్ల నాయుడుగారు. ఆ వెంటనే జరిగిన అంత్యమైన ఆటలో బరోడాపై ఆయన సరిగా 200 పరుగులు చేసిరి. ఏబదియేండ్లకు మనము ఱెక్కలుడిగినవని తలచి కఱ్ఱ చేతికి తీసికొందుము. ఆయన చేతికి తీసికొన్న కఱ్ఱ వేఱు.

ఆ తరువాత నొకసారి బొంబాయిపై ఆడుచుండగా దత్తూ ఫడ్కరు వేసిన బంతి నోటికి తగిలి పండ్లూడినవి. సాయమునకు వచ్చినవారిని వలదని పంపి, పిచ్చిపై పడిన పండ్లను ప్రక్కకు నెట్టి, ఆట సాగింపుమనిరట. కుఱ్ఱవాడైన బౌలరు జాలిపడి మెల్లగ వేయగా, వేగముగనే వేయుమని గద్దించిరనియు చెప్పుదురు.

మన గడ్డకును ఆయన ఋణము తీర్చుకొనిరి. హైదరాబాదు పక్షమున గూడ ఆడినవారే. 1953 అక్టోబరులో ఆంధ్రరాష్ట్ర మేర్పడినది. 1953–54లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ పోటీలో దిగినపుడు, దానికి నాయకత్వము వహించిన వారు ఏబదియెనిమిదియేండ్ల కనకయ్య నాయుడుగారు. తాతలు విడిచి పోయిన దేశమునకు మనుమడు బ్యాటు చేతబట్టి తిరిగి వచ్చినట్లయ్యెను. 1956–57లో అఱువదియొకటవ యేట ఉత్తరప్రదేశము జట్టును గూడ నడిపించిరి. 1916 మొదలు మొత్తము 207 మొదటి తరగతి ఆటలు, 11,825 పరుగులు, 26 శతకములు, 411 వికెట్లు. 1956లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుద మొసగినది. క్రికెట్టు ఆటగాండ్రలో దాని నందిన మొదటివారు వీరే. 1967 నవంబరు 14వ తేదీన ఇందోరున పరమపదించిరి. ఆయన పేర నియామక సంఘము 1994 మొదలు జీవితసాఫల్య పురస్కార మిచ్చుచున్నది. యువకుల పోటీ యొకటియు ఆయన పేర జరుగుచున్నది.

ఆట జీవనోపాధి యగుట గూర్చి నొక మాట. 1941లో నొక కార్జపు మందు ప్రకటనకు నాయుడుగారు తమ పేరిచ్చిరి. మన దేశమున అట్లు చేసిన మొదటి క్రికెట్టు ఆటగాడు వారేయందురు. నేడు ఆటగాండ్రకు కోట్లు వచ్చుచున్నవి. నాడు ఒక రాజు దయ, ఒక మందుసీసా ప్రకటన, అంతే. ఆ దయ తప్పిన ఆటగాడు వీధిపాలు. కావున నాటివారు రాజులకు తలవంచిరని మనము తేలికగ నిందింపరాదు. అన్నము పెట్టు చేతిని విదిలించుకొనుట కథలలో సులభము. పిల్లలు గలవానికి సులభము కాదు.

పెద్దలారా, ఇక మన యూరి మాట. నల్లవాగు ఆయకట్టు పొలములు కోసిన పిమ్మట ఆ మళ్ళలో పిల్లలు బంతియాడుదురు. వారు జట్టు కట్టునపుడు మీ రెన్నడైన గమనించితిరా? వారు ఎవరిని నాయకునిగ నెన్నుకొందురు? బ్యాటు కొనితెచ్చిన పిల్లవానినా, లేక ఆట వచ్చిన పిల్లవానినా? పలుమాఱులు బ్యాటు తెచ్చినవానినే. వానిని కాదన్న బ్యాటు తీసికొని యింటికి పోవును గదా! నవ్వకుడు. 1936లో జరిగిన దదియే. ఎనిమిదేండ్ల పిల్లలకును, దేశపు పెద్దలకును ఆ యొక్క విషయమున భేదము కానరాలేదు.

దీనికి మందేమి? బ్యాటు ఏ యొక్క యింటి సొత్తును గాక ఊరిదై యుండవలెను. అప్పుడు ఆట వచ్చినవాడు ముందు నిలుచును. బ్యాటు మాటయే కాదు. చెఱువైనను, బడియైనను, సంఘమైనను, పనిముట్టు పదుగురిదైనపుడే పనివానికి విలువ వచ్చును. పనిముట్టు ఒక్కనిదైనంత కాలము, పని తెలిసినవాడు వాని వాకిట నిలువబడియే యుండును. పోరుబందరు మహారాజువలె తొలగువాడు పదిమందిలో నొక్కడు. ఆ యొక్కనికై ఎదురుచూచుచు కూర్చుండుట బుద్ధిమంతుల లక్షణము కాదు.

మఱియొకటి. ఆడుచున్న బాలుని చూచి, “ఈ బంతి నీకు కూడు పెట్టునా?” యని గద్దించుటకు ముందు ఒక్క క్షణము నిలిచి చూడుడు. ఆటలో వాడు తన వంతు వచ్చువఱకు ఓర్చుకొనుచున్నాడా? ఓడినపుడు బంతి విసరివేయుచున్నాడా, మరల బరిలోనికి వచ్చుచున్నాడా? తనకంటె తక్కువవాని క్రింద ఆడవలసి వచ్చినపుడు కూడ మనసు పెట్టి ఆడుచున్నాడా? వీనికి బదులు మంచిదైనచో, కూడు సంగతి తరువాత చూడవచ్చును. మనిషి మాత్రము తయారగుచున్నాడు.

బందరు విడిచిన యొక తెలుగింట పుట్టి, మరాఠీ వీధిలో పెరిగి, రాజుల నడుమ తలవంపని మర్యాదతో నిలిచి, అఱువది దాటినను బ్యాటు దింపని కనకయ్య నాయుడుగారి చరిత్రము ఇది. పెద్దలు విని, మనుమలకు చెప్పుదురు గాక. సెలవు.